చేదునీటి వెంట ఐదు రోజులు

మొదటి రోజు

బాలి దీవి పడమటి కొసన గిలిమానుక్ రేవు ఉంది. అక్కడ ఫెర్రీ ఎక్కితే గంట తిరిగేలోపే జావా దీవి చేరుకోవచ్చు. మధ్యలో జలసంధి సన్ననిదే గాని ప్రవాహం జోరు చాలా ఎక్కువ. ఏరు దాటే ఎద్దు ముందు ఎగువకు మళ్ళి, తరువాత ఏటవాలుగా జారుతూ గట్టెక్కుతుంది కదా, మా ఫెర్రీ కూడా అలాగే సాగింది. కెతపాంగ్ రేవులో దిగగానే గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుకున్నాను.

రేవుకు దగ్గరలోని పట్టణం బన్యువాంగి. జావా భాషలో 'బన్యు' అంటే నీరు, 'వాంగి' అంటే పరిమళించేది. ఈ పేరు వెనుక ఒక కథ చెబుతారు. శ్రీతంజుంగ్ అనే ఇల్లాలి మీద రాజు కన్ను పడింది. ఆమె భర్త సిదపక్సను దూరదేశం పంపించాడు. తన కోరిక తీరకపోయేసరికి, తిరిగి వచ్చిన భర్త చెవిలో ఆమె మీద నింద వేశాడు. భర్త కత్తి దూశాడు. నేను తప్పు చేయలేదనడానికి ఈ ఏటి నీరే సాక్షి అంటూ ఆమె ప్రాణం విడిచింది. మురికి నీరు తేటపడి సువాసన వేసిందట. సీతమ్మ అగ్నిప్రవేశం కథ వింటూ పెరిగినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. అక్కడ నిప్పు, ఇక్కడ నీరు. నింద మాత్రం ఒకటే.

నేను వచ్చింది ఇంకో నీటి కోసం. బన్యువాంగికి పడమట ఇజెన్ అగ్నిపర్వతాల సముదాయం ఉంది. అందులో కవా ఇజెన్ అనే బిలంలో ఒక సరస్సు ఉంది. 'కవా' అంటే అగ్నిపర్వత బిలం. ఆ సరస్సు నిండా ఆమ్లమే. చిన్నప్పుడు బడిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా మూత తీసేటప్పుడు మాస్టారు మమ్మల్ని రెండడుగులు వెనక్కి జరగమనేవారు. అరచేతిలో ఇమిడే ఆ సీసాకే అంత భయపడితే, నలభై హెక్టార్లకు పైగా పరుచుకుని, సుమారు 200 మీటర్ల లోతున్న ఆమ్లం ఎలా ఉంటుందో చూడాలని అప్పటి నుంచీ కోరిక.

సరస్సు నుంచి పుట్టే ఏరు పేరు బన్యుపహిత్, అంటే చేదునీరు. అదే ఏరు కొంత దూరం పోయాక బన్యుపుతిహ్, అంటే తెల్లనీరు అవుతుంది. ఈ రెండు పేర్లూ పటంలో కనిపించినప్పుడే నిర్ణయించుకున్నాను, సరస్సును చూసి వెనక్కి తిరగకూడదని. నీరు ఎంత దూరం పోతే అంత దూరం పోవాలని. సంచీలో ఆమ్లగుణం కొలిచే రంగు కాగితాల డబ్బా పెట్టుకున్నాను.

కొండెక్కాలంటే వైద్యుడి ధ్రువపత్రం కావాలి. ఊళ్ళో ఒక చిన్న క్లినిక్‌లో రక్తపోటు చూశారు, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశారు, ముద్ర వేసి కాగితం చేతికిచ్చారు. సాయంత్రం ఏడు గంటలకే పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

రెండవ రోజు

అర్ధరాత్రి దాటాక జీపు వచ్చింది. నడకదారి మొదలయ్యే చోటు పల్తుదింగ్. అప్పటికే అది సముద్రమట్టానికి 1,850 మీటర్ల ఎత్తు. భూమధ్యరేఖకు ఇంత దగ్గరలో ఇంత చలి ఉంటుందని అనుకోలేదు. రెండు గంటలకు గేటు తీశారు. ఇండోనేషియాలో అగ్నిపర్వతాలకు నాలుగు అంచెల హెచ్చరికలు ఉంటాయి. అట్టడుగున 'నార్మల్', ఆపైన 'వస్పాద', 'సియాగ', అన్నిటికంటే పైన 'అవాస్'. ఆ రోజు కొండ నెమ్మదిగానే ఉంది.

నా మార్గదర్శి పాతికేళ్ళ కుర్రవాడు. జావాలో ఈ వయసు వాళ్ళను 'మాస్' అని పిలుస్తారు, మనం అన్నా, తమ్ముడూ అన్నట్టు. అతను నన్ను 'పాక్' అన్నాడు, పెద్దవాళ్ళను పిలిచే పిలుపు. దారి మూడు కిలోమీటర్లే గాని మొదటి రెండు కిలోమీటర్లు ఊపిరి తీసుకోనివ్వవు. మధ్యలో డచ్చి కాలం నాటి గుండ్రటి కట్టడం ఒకటి వచ్చింది. దాన్ని పొందొక్ బుందర్ అంటారు. కిందికి దిగే గంధకాన్ని తూకం వేసేది అక్కడే. అక్కడి నుంచి దారి చదునై, బిలం అంచు మీదికి చేరుస్తుంది.

అంచు మీద నిలబడగానే మొదట తెలిసింది వాసన. చాలామంది దీన్ని గంధకం వాసన అంటారు. నిజానికి శుద్ధమైన గంధకానికి వాసనే లేదు. కుళ్ళిన కోడిగుడ్డులా వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కుపుటాలను పొడిచే ఘాటు సల్ఫర్ డయాక్సైడ్‌ది. ఇక్కడ రెండూ ఉన్నాయి, ఒకదాని వెనుక ఒకటి గాలితోపాటు వచ్చి పోతున్నాయి. మాస్ నా ముఖానికి మాస్కు బిగించి, వడపోత డబ్బాలను రెండుసార్లు తిప్పి చూశాడు.

"పాక్, పొగ మన వైపు మళ్ళితే పరుగెత్తకండి. ఈ రాళ్ళ మీద పరుగెత్తిన వాళ్ళే దెబ్బలు తగిలించుకుంటారు. వీపు తిప్పి నిలబడి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. పొగే మనల్ని దాటిపోతుంది," అన్నాడు.

ఉత్తపుణ్యానికి చెప్పిన మాట కాదది. 2018 మార్చిలో ఈ బిలం నుంచి విషవాయువు ఒక్కసారిగా ఎగదన్నితే చుట్టుపక్కల వాళ్ళు పదుల సంఖ్యలో ఆసుపత్రి పాలయ్యారు. అంతకుముందు 1817లో ఈ కొండ పేలినప్పుడు సరస్సు నీరే వరదై ఏటి వెంట ఊళ్ళ మీద పడింది.

అంచు నుంచి లోపలికి దిగే దారిని దారి అనడం కష్టం. రాళ్ళ మధ్య కాళ్ళ ఒరిపిడికి నునుపుదేలిన మెట్లు కొన్ని, లేనిచోట చేతులతో పట్టుకోవడం. మూడు వంతులు దిగాక, చీకట్లో కింద నీలం రంగు కదిలింది.

అది మంట అని నమ్మడానికి కొంతసేపు పట్టింది. వంటింట్లో గ్యాసు పొయ్యి మీద చూసే నీలమే, కాకపోతే కొండవాలు మీద పరుచుకుని ఉంది. ఒకచోట అడుగు ఎత్తున నిలబడింది, ఇంకోచోట మనిషిని మించి లేచింది. గాలి వీచినప్పుడు నేలకు అంటుకుని పాకింది. దీన్ని నీలి లావా అని రాసేవాళ్ళున్నారు. అది తప్పు, ఇది లావా కాదు. పగుళ్ళలోంచి 600 డిగ్రీల దాకా వేడెక్కిన గంధకపు ఆవిరి బయటికి వచ్చి, గాలి తగలగానే అంటుకుంటుంది. అందులో కొంత చల్లబడి ద్రవమై, మండుతూనే వాలు వెంట కారుతుంది. చూసేవాళ్ళకు నీలిమంట ఏరులై పారినట్టు కనిపిస్తుంది. ఈ మంట పగలు కూడా ఉంటుంది. కానీ వెలుతురులో కనబడదు. అందుకే అందరమూ నిద్ర మానుకుని చీకట్లో దిగుతాము.

నేను మంట దగ్గర ఎంతసేపు ఉన్నానో, దాని పక్కనే జరుగుతున్న పని దగ్గర అంతకు రెట్టింపు సేపు ఉన్నాను. పగుళ్ళ మీద పెద్ద పెద్ద గొట్టాలు అమర్చి ఉన్నాయి. ఆవిరి వాటిలోకి దూరి, కిందికి జారేలోగా చల్లబడుతుంది. గొట్టం చివర నుంచి బొట్లు బొట్లుగా రాలుతుంది. బొట్టు రాలేటప్పుడు కుంకుమ నీళ్ళలా చిక్కటి ఎరుపు. నేల మీద పడ్డాక నారింజ. మరి కాసేపటికి అంచుల నుంచి లోపలికి పసుపు పాకుతుంది. నా టార్చి వెలుగులో ఒకే ముద్ద మూడు రంగుల్లో ఉండడం చూశాను. గట్టిపడేటప్పుడు చిటపటమని సన్నటి చప్పుడు కూడా వచ్చింది. ఒక పెద్దాయన గునపంతో దాన్ని పలకలుగా పగలగొట్టి బుట్టల్లోకి ఎత్తుతున్నాడు. ముక్కుకు కట్టుకున్నది తడిపిన తువ్వాలు.

వెదురు బుట్టలు రెండు, మధ్యలో వెదురు బద్ద. నాకు తెలిసిన మాట కావడే. ఒక కావడికి డెబ్బై కిలోల నుంచి తొంభై కిలోల దాకా గంధకం పడుతుంది. అంత బరువుతో బిలం అంచు దాకా ఎక్కాలి, ఆపైన మూడు కిలోమీటర్లు దిగాలి. ఆయన కావడి ఎత్తుకుని నా ముందు నుంచే నడిచాడు. అందరూ పక్కకు ఒరిగి దారి ఇచ్చారు. ఇక్కడి నియమం అదే, బరువు మోసేవాడిదే దారి. అడుగు వేసినప్పుడల్లా బద్ద కిర్రుమంది. కొంత దూరం పోయాక భుజం మార్చుకున్నాడు. ఆగలేదు, బుట్టలు దించలేదు. తల వంచి, మెడ వెనుక నుంచి బద్దను ఒక్క తిప్పు తిప్పి, ఎడమ భుజం మీద నుంచి కుడి భుజం మీదికి పంపాడు. బుట్టల్లో ఒక్క పెళ్ళ కూడా కదలలేదు. ఎన్నేళ్ళు మోస్తే ఆ ఒడుపు వస్తుందో! చొక్కా జారినచోట రెండు భుజాల మీదా కాయకాచిన చర్మం ముద్దకట్టి ఉంది.

తూర్పు తెల్లబడింది. నీలిమంట కరిగిపోయినట్టు మాయమైంది. పొగ కాస్త పక్కకు తొలగితే సరస్సు బయటపడింది.

ఆ రంగును నెమలికంఠం అనాలో, పాలు కలిపిన పచ్చ అనాలో తెలియలేదు. నీటిలో కరిగిన లోహాలు, తేలే గంధకపు నలుసులు వెలుతురును చెదరగొట్టడం వల్ల వచ్చిన రంగు అది. అల లేదు. అంచున గడ్డిపోచ లేదు. నీటి మీద పిట్ట లేదు. ఉపరితలం నుంచి పల్చటి ఆవిరి లేస్తోంది. పైన వణికించే చలి, అయినా ఆ నీరు గోరువెచ్చన. అడుగున ఉన్న శిలాద్రవం నుంచి వచ్చే వాయువులు నీటిలో కరిగి సల్ఫ్యూరిక్, హైడ్రోక్లోరిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలు అవుతాయి. 2008 జులైలో కెనడాకు చెందిన జార్జ్ కూరూనిస్ ఒక చిన్న రబ్బరు పడవలో ఈ సరస్సు మీదికి వెళ్ళి కొలిచాడు. ఒడ్డున పీహెచ్, అంటే ఆమ్లగుణం కొలిచే అంకె, 0.5 ఉంటే, నడిమధ్యన 0.13 వచ్చింది. నిమ్మరసం పీహెచ్ రెండు దగ్గర ఉంటుంది. ఈ కొలమానంలో ఒక్క అంకె తగ్గితే ఆమ్లగుణం పది రెట్లు పెరిగినట్టు.

నీటి దగ్గరికి పోవద్దని మాస్ ముందే గట్టిగా చెప్పాడు. నా రంగు కాగితాలు సంచీలోనే ఉండిపోయాయి. చుట్టూ వందమందిమి ఉన్నా, ఆ పది నిమిషాలు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. తరువాత పొగ మళ్ళీ మా మీదికి తిరిగింది. మాస్ చెప్పినట్టే వీపు తిప్పి నిలబడ్డాను. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. లెక్కపెట్టుకుంటూ ఊపిరి తీశాను. నలభై దగ్గర గాలి తేటపడింది.

మూడవ రోజు

ఒళ్ళంతా నొప్పులు. చొక్కా ఉతికినా వాసన పోలేదు. గదిలోనే ఉన్నాను.

నిన్న కొండ దిగేటప్పుడు కొన్న గంధకపు తాబేలు బల్ల మీద ఉంది. కరిగిన గంధకాన్ని అచ్చులో పోసి, గని కూలీలే ఇలాంటి బొమ్మలు చేస్తారు. పదివేల రూపియాల నోటు ఇస్తే, ఆయన చిల్లర కోసం వెతకబోయాడు, వద్దన్నాను. వాళ్ళకు మోసిన గంధకానికి కిలోల లెక్కన కూలి. ఇప్పుడు చాలామంది కావడి వదిలేసి తోపుడు బండ్లు పట్టుకున్నారు. కొండెక్కలేని సందర్శకులను కూర్చోబెట్టుకుని ముందు ఇద్దరు లాగుతారు, వెనుక ఒకరు నెడతారు. ఒక మనిషిని ఎక్కించి దించితే వచ్చే డబ్బు కొన్ని రోజులు గంధకం మోసినా రాదని మాస్ చెప్పాడు. అతని తండ్రి గంధకం మోశాడు. అతను మోయలేదు. 2023లో ఇజెన్‌కు యునెస్కో గ్లోబల్ జియోపార్కు గుర్తింపు వచ్చాక రద్దీ ఇంకా పెరిగిందట. పొగలో మనిషి మనిషిని లాగడం చూడలేక కళ్ళు తిప్పుకున్నాను గాని, కావడి కంటే అది నయమని వాళ్ళే అంటున్నప్పుడు కాదనడానికి నేనెవరిని?

నాల్గవ రోజు

పల్తుదింగ్ దాటి పడమటి వైపుకు కారులో బయలుదేరాను. మనం నిన్నా మొన్నా కొండ అనుకున్నది నిజానికి ఒక పెద్ద గిన్నె అంచు మీద బొడిపె మాత్రమే అని ఈ దారిలో తెలుస్తుంది. ఎప్పుడో ప్రాచీనకాలంలో ఒక మహా అగ్నిపర్వతం కూలి ఏర్పడిన గిన్నె ఇది, అడ్డంగా సుమారు 20 కిలోమీటర్లు. లోపల ఊళ్ళున్నాయి, డచ్చివాళ్ళు నాటించిన కాఫీ తోటలు ఉన్నాయి, బడులున్నాయి, మసీదులున్నాయి. దూరాన రావుంగ్ అగ్నిపర్వతం మేఘాల మీద తల పెట్టుకుని ఉంది.

కొన్ని కిలోమీటర్లు పోగానే కలిపహిత్ అనే చోట రోడ్డు పక్కనే ఏరు. మొదట ముక్కే గుర్తుపట్టింది. సరస్సుకు పడమటి అంచున వందేళ్ళ కిందట డచ్చివాళ్ళు ఒక ఆనకట్ట కట్టారు, ఆమ్లం పొర్లి కింద పొలాల మీద పడకుండా. నీరు ఇప్పుడు ఆనకట్ట మీదుగా పొర్లదు. కొండ పొరల గుండా ఊరి, కింద ఊటలై బయటికి వస్తుంది. అదే బన్యుపహిత్. చిన్న జలపాతం దూకుతోంది, చూడ్డానికి చాలా అందంగా, లేతపచ్చగా. రాళ్ళ మీద తెల్లటి, పసుపు రంగు పెచ్చులు. గట్టు మీద ఫెర్నులు, చెట్లు, పొదలు ఒత్తుగా ఉన్నాయి. నీరు తగిలే గీత దగ్గర పచ్చదనం కత్తితో కోసినట్టు ఆగిపోయింది. నాచు కూడా లేదు. నీటి చప్పుడు తప్ప కప్ప అరుపు వినబడని ఏటిని నేను అంతవరకు చూడలేదు.

కాగితం ఒకటి తీసి, కర్ర కొసకు చుట్టి నీటిలో ముంచాను. రెప్పపాటులో ముదురు ఎరుపు. డబ్బా మీది పట్టీలో అంతకంటే ఎరుపు లేదు.

మధ్యాహ్నానికి బ్లావన్ చేరాము. అక్కడ కలిసాత్, కలిసెంగోన్ అనే రెండు మంచినీటి ఏళ్ళు వచ్చి చేదునీటిలో కలుస్తాయి. ఇక్కడి నుంచే దాని పేరు బన్యుపుతిహ్. పేరు మార్చుకున్నంత మాత్రాన గుణం మారుతుందా అని అడ్డంగా వాదించుకుంటూ దిగాను గాని, కొంత మారింది. రెండవ కాగితం ఎరుపు నుంచి కాస్త తగ్గింది. పక్కనే వేడినీటి ఊటలు ఉన్నాయి. పిల్లలు అందులో ఈదుతున్నారు. ఏటి వైపు మాత్రం ఎవరూ పోవడం లేదు. పక్కపక్కనే ఉన్న రెండు నీళ్ళలో దేన్ని ముట్టుకోవచ్చో దేన్ని కూడదో నాలుగేళ్ళ పిల్లకు కూడా తెలుసు.

రాత్రి కాఫీ తోట విడిదిలో ఉన్నాను. కాఫీ చాలా బాగుంది. వంటకు, కాఫీకి నీళ్ళు ఏ ఊట నుంచి తెస్తారని వంటావిడను అడిగాను. ఆవిడ నవ్వి, ఏటికి ఎదురు దిక్కున ఉన్న కొండ వైపు చెయ్యి చూపించింది.

ఐదవ రోజు

బ్లావన్ దాటాక ఏరు ఉత్తరపు గోడను చీల్చుకుని లోయలోకి పడిపోతుంది. దాని వెంట కారు పోదు. మేము బొందొవోసో, సితుబొందో మీదుగా చుట్టు తిరిగి ఉత్తరపు తీరానికి దిగాము. మధ్యాహ్నం అసెంబగుస్ చేరేసరికి చలి, పొగ, కొండ అన్నీ వేరే దేశంలో వదిలేసి వచ్చినట్టుంది. ఎండ మండిపోతోంది. రెండు పక్కలా వరి, చెరకు, మొక్కజొన్న. సముద్రం దగ్గరలోనే ఉంది.

సరస్సు నుంచి ఇక్కడికి ఏటి వెంట నలభై కిలోమీటర్ల పైమాటే. బన్యుపుతిహ్ నీటిని కాలువల్లోకి మళ్ళించి మూడు వేల హెక్టార్లకు పైగా తడుపుతున్నారు. ఇంత దూరం వచ్చినా ఆ నీటికి ఆమ్లగుణం పోలేదు. పొలం మట్టి కూడా పులిసిపోయింది. అంతకంటే పెద్ద కష్టం బావుల్లో ఉంది. కొండ కింది శిలాద్రవం నుంచి లేచి, సరస్సులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమై కరిగిందని చెప్పానే, ఆ ఫ్లోరైడు నీటితోపాటు దిగి వస్తుంది. ఈ ప్రాంతపు బావుల్లో ఫ్లోరైడు ఎక్కువగా ఉందని, పిల్లల పళ్ళ మీద మచ్చలకు అదే కారణమని పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. టీ కొట్టు దగ్గర ఒక కుర్రవాడు నన్ను చూసి నవ్వాడు. ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలు. నల్గొండ పల్లెల్లో ఆ చారలు ఎన్నిసార్లు చూశానో. అక్కడ రాతిపొరలు చేసిన పనిని ఇక్కడ అగ్నిపర్వతం చేస్తోంది. నవ్వు మాత్రం అక్కడా ఇక్కడా ఒకలాగే ఉంది. గుండె బరువెక్కింది.

చెరకు తోటల పక్కన నడుస్తుంటే ఇంకో విషయం తట్టింది. కవా ఇజెన్ గంధకంలో కొంత చక్కెర మిల్లులకు పోతుంది, పంచదారను తెల్లబరచడానికి. ఆ పెద్దాయన భుజం మీది నుంచి దిగిన బరువు ఒక దారిన, ఆయన పక్కనున్న సరస్సు నీరు ఇంకో దారిన బయలుదేరి, రెండూ వచ్చి చెరకులోనే కలుస్తున్నాయి.

కాలువ గట్టున ఒక రైతు మడిలోకి నీరు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. తూముకు అడ్డంగా చెక్కపలక. ఆయన మాట్లాడేది మదురా భాష. మా డ్రైవరు మధ్యలో అర్థం చెప్పాడు. అనుమతి అడిగి, మూడవ కాగితాన్ని కాలువలో ముంచాను. మంచినీటికి రావలసిన ఆకుపచ్చ రాలేదు. నారింజ దగ్గర ఆగింది. రైతు ఆ కాగితాన్ని తీసుకుని, ఎండకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చాడు. తనకు తెలియనిదేమీ అందులో లేదన్నట్టు తల ఊపాడు.

ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. కవా ఇజెన్ నుంచి అన్నాను. ఆయన ముఖంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది. సరస్సు ఏ రంగులో ఉందని అడుగుతాడనుకున్నాను.

"పైన వాన పడిందా?" అన్నాడు.

లేదన్నాను. ఎక్కినన్నాళ్ళూ ఆకాశం తేటగానే ఉందని చెప్పాను. ఆయన కొంచెంసేపు కాలువ కేసి చూశాడు. వాన కలవని నీరు ఘాటుగా ఉంటుందని, ఇంకో రెండు రోజులు ఆగుతానని అన్నాడు. సగం ఎత్తిన పలకను మళ్ళీ దించి, సందుల్లో మట్టి మెత్తి, కాలితో తొక్కాడు.